విత్తు నంబరు

మోహనలో ఐదే స్వరాలు.
సున్నా నుంచి నాలుగు దాకా అంకెలిచ్చాను.
ఏది ముందో ఏది వెనకో తేల్చే పని
కంప్యూటరుకి ఒప్పజెప్పాను.
పందొమ్మిది వరసల కోడు, అంతే.
రాత్రి తొమ్మిదిన్నరకి, నెల్లిమర్లలో,
మేనత్త ఇంటి వసారాలో,
దోమల బ్యాటు పక్కన పెట్టుకుని
రన్ నొక్కాను.

గ స ద ద రి స ప

అసిరమ్మత్త చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ తలెత్తలేదు.
ఆవిడకి పై స్థాయి వినబడదు.
ఇరవై ఆరేళ్లు జూట్ మిల్లులో
మిషన్ల మధ్య అరగదీసుకున్న చెవులు.
ఒక స్థాయి కిందికి దించాను.
అప్పుడంది:
"ఏటిరా అది, కోడిపిల్లలు నూకలేరుతున్నట్టుంది."

నిజమే. ఎక్కడ పడితే అక్కడ పొడుస్తోంది.
ఒక షరతు రాశాను:
ఉన్న చోటు నుంచి పక్క మెట్టుకే అడుగు,
పైకో కిందికో, బొమ్మా బొరుసూ.
ఇప్పుడది కల్లుపాక నుంచి బయల్దేరినవాడి నడక.
గోడ పట్టుకుంటాడు, పడడు,
ఇల్లు మాత్రం రాదు.

"ఊపిరేదిరా దానికి?
పోగు తెగితే మిసనాపీసి ముడెట్టీవోళ్లం.
తెగని పోగుంటాదేటి?"

తొమ్మిదింట ఒక వంతు మౌనం కలిపాను.
కాయ విరిచే చప్పుడు ఆ ఖాళీల్లోకి వచ్చి కూర్చుంది.
చంపావతి వంతెన మీద గూడ్సు బండి
ఒక పెద్ద ఖాళీ చూసుకుని దాటిపోయింది.
అవేవీ నేను రాసినవి కావు.

"దీనికి ముందుగా ఒక అంకె వెయ్యాలత్తా,
విత్తు లాగ. ఏ అంకె వేస్తే ఆ వరస మొలుస్తుంది."
ఆవిడ ఆలోచించలేదు.
"నాలుగువేల నూటడెబ్బైరెండు."
ఇత్తడి బిళ్ల ఎప్పుడో ఆఫీసులో అప్పజెప్పేసింది.
అంకె మాత్రం ఇవ్వలేదు.

రి గ రి స, ఆగి, రి గ ప

మళ్లీ నొక్కితే మళ్లీ అదే. మూడోసారీ అదే.
"ఏదొస్తాదో నీకే తెలీదన్నావు?"
"అంకె మారితేనే మారుతుంది."
"అయితే తెలిసిందే గదా," అని ఈనెలు దులుపుకుంది.
నా దగ్గర జవాబుంది, రెండు పేజీల జవాబు.
చెప్పలేదు.

"డెబ్బైమూడు కొట్టు. నూకాలు."
ద చుట్టూ తిరిగింది, గుక్కతిప్పుకోకుండా.
"మరే! దాని నోరు మూత పడితే గదా!"
"తొంభై కొట్టు. పోలమ్మ."
కింది స దగ్గరే తారాడింది.
ఒకడుగు పైకి, మళ్లీ స. రెండడుగులు, మళ్లీ స.
"పెనివిటంటే బయ్యం," అంది అత్త.
అంకెలకి భయం ఉండదని నాకు తెలుసు.
అయినా మరోసారి నొక్కాను,
పోలమ్మ ఈసారైనా గ దాటుతుందేమోనని.

అలా పదకొండుమంది.
అన్నం చల్లారిపోయింది.
షిఫ్టు మారినట్టు ఒకళ్ల వెనక ఒకళ్లు
వసారాలోంచి వెళ్లారు.

చివర గవిరమ్మ.
పేరుంది. ముంజేతి మీద తేలు పచ్చబొట్టుంది.
ముడెయ్యడంలో ఎడంచేతివాటం.
టీ గ్లాసుని కొంగుతో పట్టుకునేది.
నంబరే లేదు.
అత్త వేళ్ల మీద గేటు దగ్గర లైను పేర్చింది:
"నా యెనకాల నూకాలు, దానెనకాల..."
బొటనవేలు ఒక కణుపు మీద ఆగిపోయింది.
"ఒట్టినే కొట్టరా."

విత్తు గడి ఖాళీగా వదిలేశాను.
ఖాళీగా వదిలితే అది గడియారాన్ని అడుగుతుంది,
ఆ క్షణంలో ఒక చిన్న ముక్క తుంచుకుంటుంది.
ఎక్కడా రాసిపెట్టదు.

ప గ, ఆగి, ప,
ఆగి, ఆగి,
ద ప గ రి

అత్త చేతిలో కాయ అలాగే ఉంది.
"మల్లీ ఎయ్," అంది.